టీవీ వెనక బొట్టు

"టార్చి సక్కగ పట్టు, బాలీ. నీ చెయ్యి వణికితే నాకేం కనపడ్తది?"

మా ఆయన రెడ్యా నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదేనేమో. సారపాకలో కాగితం మిల్లుకు వచ్చే వెదురు లారీలు దించే కాంట్రాక్టు పని ఆయనది. బదిలీ అయి పోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత టీవీ కొన్నాడు. భద్రాచలంలో ఒక సీడీ ప్లేయర్ కొని దాని పక్కన పెట్టాడు. ఇల్లు అలికి సున్నం వేసిన ప్రతిసారీ వాటిని విప్పడం, మళ్లీ కలపడం. ఆయన టీవీ వెనక మోకాళ్ల మీద కూర్చుంటే, నేను పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి ఆ మూల చీకట్లోకి టార్చి పట్టాలి. వైరు అందివ్వబోతే, "నువ్వు ముట్టకు, షాక్ కొడ్తది. నాకున్నది ఒక్క పెండ్లామే" అనేవాడు. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఏళ్ల తరబడి టార్చి పట్టిన మనిషికి ఆ వెలుగు దేని మీద పడుతున్నదో కనిపించదా? పసుపు పిన్ను పసుపు రంధ్రంలోకి, ఎరుపు ఎరుపులోకి, తెలుపు తెలుపులోకి. పసుపుది బొమ్మ, మిగతా రెండూ మాట. టీవీ ఒక కంపెనీది, ప్లేయర్ ఇంకో కంపెనీది, వైరు సంతలో కొన్నది. ఒకదాని ముఖం ఒకటి చూసి ఎరగవు. అయినా ఆ మూడు రంగుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట మీద ఉండేవి.

"అన్ని కంపెనీలోల్లు ముందే కూసోని మాట్లాడుకున్నట్టున్నరు" అన్నాను ఒకసారి.

"అవ్, నిన్ను అడిగే మాట్లాడుకున్నరు" అని నవ్వాడు రెడ్యా.

ఆయన పోయాక సాయంత్రం బడిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులు మా కోడలు సరళ దిద్దేది. మనుమరాలు భాను తన పలక మీద ఇంగ్లీషు పెద్ద ఏబీసీడీలు కూడా రాసి చూపించింది.

2007లో బూర్గంపాడు మహిళా సంఘాల వాళ్లు ఒక టీవీ, ఒక ప్లేయర్ కొన్నారు. అడవి ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు జాగ్రత్తలు చెప్పే వీడియో చూపించాలని. వారానికి రెండు రోజులు వాటిని ఆటోలో తీసుకెళ్లి, చూపించి, కాగితం మీద ఉన్నది చదివి వినిపించే మనిషి కావాలన్నారు. నేను పేరిచ్చాను. మా కొడుకు జగదీష్ అన్నం తింటూ తలెత్తాడు.

"నీకెందుకమ్మా ఈ వయసుల? అయినా నువ్వు పోతే ఇంట్ల ఎట్ల?"

వాడు మిల్లుకు, సరళ తను పాఠాలు చెప్పే బడికి పోతారు. తెల్లారి లేచింది మొదలు నేను చేసే పనికి ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ఒక పేరు లేదు. నేను లేకపోతే అన్నప్పుడు మాత్రం దానికి 'ఎట్ల' అని పేరొచ్చింది. వాడి కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను.

సంఘాల అధ్యక్షురాలు రామక్క ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. "మొదటి ఊర్ల చూపియ్యి, బాలక్కా. మంచిగ నడిస్తే పని నీదే. లేకుంటే మన ఆఫీసు రవీందర్ పోతడు, ఆయన చదువుకున్నోడు."

బయలుదేరే రోజు పొద్దున ఆఫీసులో కొత్త టీవీకి పూజ పెట్టారు. పసుపు గిన్నె, కుంకుమ పట్టుకుని అందరూ చుట్టూ చేరారు. రామక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "బాలక్కా, నువ్వు గా తలుపు కాడ నిలబడు. ఏమనుకోకు."

ఏమనుకుంటాను? తలుపు దగ్గర నిలబడ్డాను. రెడ్యా పోయిన నాడు మా తండా ఆడవాళ్లు జబ్బల మీది గాజులు తీస్తున్నప్పుడు, బొట్టు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వలేదు, నేనే తుడుచుకున్నాను. అప్పటినుంచి ఇలాంటి తలుపులన్నీ నావే.

"వెనక గూడ పెట్టుండ్రి. అసలు పనంతా ఆడనే ఉంటది" అన్నది రామక్క. నిండు మనసుతోనే అన్నది. తడి పసుపు టీవీ వెనక, ప్లేయర్ వెనక, వైరు పిన్నులకు కూడా పూసి, ఒక్కోదానికి ఒక్కో కుంకుమ బొట్టు పెట్టారు.

కోయ ఊరికి చేరేసరికి ఆ పసుపు ఎండి అట్ట కట్టింది. బడి వరండాలో ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఊరి సంఘం పెద్ద కొండమ్మ టీవీని చూసి, "ఏందే ఇది, పెండ్లిపిల్లకు గూడ గింత పసుపు పుయ్యరు" అన్నది. అందరూ నవ్వారు.

నేను వైరు తీసేలోపే వెంట వచ్చిన రవీందర్ అందుకున్నాడు. పిన్నులు మూడూ ఒకే రంగు, రంధ్రాలన్నీ ఒకే రంగు. తోచినట్టు గుచ్చి స్విచ్ వేశాడు. టీవీలోంచి గుర్రుమని మోత, బొమ్మ లేదు. మార్చి గుచ్చాడు. మళ్లీ మోతే. కంపెనీ పుస్తకం తిప్పి, చెమట తుడుచుకుని, "ఇది ఒక కంపెనీ, అది ఒక కంపెనీ. ఇవి కలవవు. షాపుల వాపస్ ఇయ్యాలె" అన్నాడు.

"కలుస్తయి సార్" అన్నాను. "కరెంటు తీసెయ్యుండ్రి."

కొండమ్మను అడిగి తడి గుడ్డ, చీపురుపుల్ల తెప్పించుకున్నాను. గుడ్డ పిన్ను మీద పెట్టగానే రవీందర్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"బాలమ్మా, పూజ చేసిన బొట్టు. నువ్వు తుడుస్తవా? ఎవరన్న ముత్తైదువతోని తుడిపిద్దాం."

వరండా అంతా నా వైపు చూసింది. అబద్ధం ఎందుకు, ఒక్కసారి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడదామనిపించింది. వెళ్తే ఈ పని కూడా పోతుంది.

"బొట్టు తుడుసుడు నాకు కొత్త కాదు సార్" అన్నాను. మెల్లగా తుడిచాను. పసుపు కింద నుంచి తెలుపు బయటపడింది. ఇంకోదాని కింద ఎరుపు. మూడోది తుడిచినా పసుపే. రంధ్రాల్లో ఎండిన ముద్దను పుల్లతో తీసి, గుడ్డతో ఒత్తి, ఆరేదాకా ఆగాను. దేని రంగులోకి దాన్ని కలిపి స్విచ్ వేయించాను. తెర మీద చుక్కలే.

"చెప్పిన కద" అన్నాడు రవీందర్.

రెడ్యా అయితే ఇక్కడ రిమోట్ మీద ఉన్నవన్నీ నొక్కేవాడు. నేను కళ్ల దగ్గర పెట్టుకుని చదివాను. ఏ, దాని పక్కన వీ, టీవీ వెనక రంధ్రాల మీద ఉన్న అక్షరాలే. నొక్కాను. తెర మీద ఒక నర్సమ్మ నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టింది.

వీడియో అయ్యాక రవీందర్ గొంతు సవరించుకున్నాడు. "మంచిదే. ఇగనుంచి నేనొస్త, బాలమ్మ నాకు సాయం ఉంటది."

కొండమ్మ తమలపాకు నములుతూ ఆయన్ని కింది నుంచి మీదికి చూసింది. "నాయనా, కాన్పుల సంగతి నీ ముందట అడుగుతమా? మాకు గీ అక్కే కావాలె. నువ్వు ఆటో కాడ కూసో."

ఆయన నిజంగానే వెళ్లి కూర్చున్నాడు. అప్పుడు దుర్గ అనే నిండు గర్భిణి నా పక్కకు జరిగి, చెవిలో నాలుగు సంగతులు అడిగింది. కాగితంలో ఉన్నవి చదివి చెప్పాను, లేనివి ఆస్పత్రి నర్సమ్మను అడిగి వస్తానన్నాను.

ఆ సాయంత్రం రామక్క పని నా పేరున రాసింది. ఇంటికి వచ్చి అన్నాలు పెట్టి, నేనూ వాళ్లతోపాటే కంచం ముందు కూర్చున్నాను.

"మంగళవారం, శుక్రవారం నేనుండ. ఊర్లకు పోవాలె" అన్నాను.

సరళ ముఖం వెలిగింది. జగదీష్ ముద్ద చేతిలోనే పట్టుకుని, "అన్నమెట్లనే అమ్మా? నాకు మన కుక్కర్ సంగతే తెల్వదు" అన్నాడు.

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, బిడ్డా" అన్నాను వాడి వీపు నిమురుతూ. "ఏ కంపెనీ కుక్కరైనా, ఎవరు పెట్టినా ఉడుకుతది."