పడవ పాదులు

లంక మీద పందొమ్మిది ఇళ్ళు. చుట్టూ గోదారి. పోయిన శ్రావణంలో వచ్చిన వరద ఇళ్ళ జోలికి రాలేదు గాని, రేవులో కట్టేసి ఉన్న పెద్ద పడవను తాడుతో సహా పట్టుకుపోయింది. మిగిలింది బొజ్జయ్య తాత చేపలు పట్టుకునే చిన్న దోనె ఒక్కటే. అందులో ముగ్గురికి మించి ఎక్కితే అంచు మీదుగా నీళ్ళు లోపలికి తొంగిచూస్తాయి.

ఆ వరదకు వారం ముందే తిరుమల ఇంటర్‌లో చేరడానికి కాగితాలు సర్దుకుంది. కాగితాలు ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. చేపలకు పోయే దోనెతో రోజూ పిల్లలను దాటించడం కుదరక, లంకలో బడికి పోయే తొమ్మిదిమంది పిల్లలూ ఇంటిపట్టునే ఉండిపోయారు. ఒడ్డు మీది బడి పంతులు ఒకరోజు రేవు దాకా వచ్చి, "పదో తరగతి పాసైన పిల్ల మీ దగ్గరే ఉంది గదా. పాఠాలు చెప్పించండి. పరీక్షల దాకా పేర్లు తియ్యకుండా నేను చూసుకుంటాను" అన్నాడు. అందరూ తిరుమల వైపు చూశారు. తిరుమల నేల వైపు చూసింది. ఆమె తల్లి ప్రమీల, "చెప్తది సారూ. నోటితో చెప్పకున్నా, రాసైనా చెప్తది" అంది.

తిరుమల సంగతి తల్లికి తెలుసు. కొత్తవాళ్ళ ముందు ఆ పిల్లకు మాట గొంతు దాటదు. దాటని మాటలన్నీ డైరీలోకి పోతాయి. పిల్లల ముందు మాత్రం ఆ ఇబ్బంది లేదు. రేవు పక్క పందిరి కింద బడి సాగింది. అందరూ దారిలో పడ్డారు, తిరుమల చెల్లెలు జంపక్క తప్ప. ఆరేళ్ళ జంపక్కకు పలక అంటే పడదు. "గీస్తే చెరిపేస్తవ్. చెరిపేసేదానికి గీసుడెందుకు?" అని అడిగేది.

తండ్రి కాశయ్య ఇల్లందులో బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పనిలో ఉంటాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు. సంక్రాంతి వెళ్ళిన వారానికి వచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"జూన్‌ల బడి తెరిచే యాళ్ళకు పడవ ఉంటే సరి. లేకపోతే ఇల్లందుల కిరాయికి రూము చూస్తా. అందరం పోదాం. పిల్లల సదువు ఏట్ల కలుపుకుంటమా?"

ప్రమీల అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. ఒక్క ఇల్లు కదిలితే వెనకే ఇంకో నాలుగు కదులుతాయని ఆమెకు తెలుసు. తిరుమల ఆ రాత్రి డైరీలో ఒకటే వాక్యం రాసింది: "నాకు ఇల్లందు వద్దు, పడవ కావాలి."

పడవ సంపాదించుకోవడానికి లంకలో పాత పద్ధతి ఒకటి ఉంది. ఇసుక మేటల మీద పుచ్చకాయ పెట్టేటప్పుడు ప్రతి ఇల్లూ పది పాదులు పడవ పేరున వదలాలి. వాటి మీద వచ్చింది పడవదే. ఈసారి అందరి పడవ పాదులూ రేవు పక్కన ఒక్కచోటే పెట్టారు. చెక్క అంతకుముందే ఇంటింటా చందా వేసుకుని కొన్నారు. వడ్రంగి కూలి, మేకులు, తారు మాత్రం ఈ కాయల మీదే రావాలి. పడవ పాదులో కాయ ముట్టుకుంటే ఏరు ఊరుకోదని పెద్దలు చెప్తారు. నీళ్ళు పోసే పని మాత్రం బడి పిల్లలది.

మాఘమాసంలో పిందెలు నిమ్మకాయంత అయ్యాయి. ఒకనాడు నీళ్ళు పోస్తుంటే జంపక్క మళ్ళీ పలక విసిరేసి కూర్చుంది. తిరుమలకు ఏం తోచిందో, ఈత ముల్లు ఒకటి తీసుకుని ఒక పిందె మీద మెల్లగా 'జ' గీసింది.

"ఇదిగో నీ అక్షరం. దీన్ని ఎవ్వరూ చెరపలేరు."

జంపక్క ఆ పిందెను చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ చూసి వచ్చింది. నాలుగో రోజుకు గీత మానింది, అక్షరం మాత్రం పిందెతో పాటు కాస్త ఉబ్బింది. జంపక్క తనే ముల్లు పట్టుకుని ఇంకో పిందె మీద వంకర 'జ' గీసింది. ఆ తర్వాత 'ప'. ఆ తర్వాత మిగతా ఎనిమిదిమందీ ముళ్ళు ఏరుకున్నారు. పిల్లలు నేర్చుకుంటున్నారన్న సంబరంలో తిరుమల వారం రోజులు మరో ఆలోచన చేయలేదు. అప్పటికి అచ్చులూ హల్లులూ పడవ పాదులన్నిటి మీదా పాకేశాయి.

కాయలు చేతికొచ్చే వేళకు ఒడ్డు నుంచి బేరగాడు మంగీలాల్ బొజ్జయ్య తాత దోనెలో వచ్చాడు. ఇళ్ళ వాళ్ళ సొంత కాయలన్నీ తట్టి చూసి ధర కట్టాడు. పడవ పాదుల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఒక్కో కాయ మీద జానెడు అక్షరం, గోధుమరంగు మచ్చ కట్టి ఉంది.

"ఇదేంది బొజ్జన్నా, కాయలకు పచ్చబొట్లు పొడిపించిన్రా?"

"లోపల మంచిగనే ఉంటది మంగీలాల్. కోసి చూడు."

"కోసి చూసేది తినేటోడు. కొనేటోడు పైననే చూస్తడు. గీతలున్నది నేను లారీ ఎక్కియ్య" అని అతను తన దారిన పోయాడు.

ఆ సాయంత్రం పందిరి కింద అందరూ చేరారు. పడవ పాదులు ముట్టిందెవరని పెద్దలు అడిగారు. పిల్లలు ఒకరి వెనక ఒకరు నక్కారు. జంపక్క అమ్మ కొంగులో మొహం దాచుకోవడం తిరుమలకు కనిపించింది. లేచి నిలబడింది. లంకలో ఆమెను అలా నలుగురిలో నిలబడగా ఎవరూ చూసి ఉండరు. మాట రావడానికి ఎంతసేపు పట్టిందంటే, ఎవరో దగ్గారు కూడా.

"ముందు గీసింది నేనే తాతా. పిల్లలు నన్ను చూసి గీసిన్రు."

బొజ్జయ్య తాత తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. పోయిన పడవను ముప్ఫై ఏళ్ళు నడిపినవాడు. కోపం ఆయనకే ఎక్కువ ఉండాలి.

"ఎందుకు గీసినవ్ బిడ్డా?"

"చెల్లె పలక మీద నేర్చుకుంటలేదు. కాయ మీద నేర్చుకుంది."

ఆయన జంపక్కను పిలిచి ఒక కాయ చూపించాడు. "ఏందిది?" అంటే "మ" అంది. ఇంకొకటి చూపిస్తే "ల" అంది. ఆరు కాయలు చూపించాడు, ఆరూ చెప్పింది. ఆయనకు చదువు రాదు. అందుకని చెప్పింది సరేనా కాదా అన్నట్టు తిరుమల వైపు చూశాడు. తిరుమల తలూపింది.

"ఏడు నెలలసంది రాంది ఇప్పుడొచ్చింది" అంది ప్రమీల. "మంగీలాల్ వద్దంటే లోకంల ఇంకెవరూ లేరా? నవమికి భద్రాచలం పోదాం. మనమే అమ్ముదాం."

"అమ్మేటప్పుడు నోరుండాలె ప్రమీలా" అన్నాడు తాత. "మన పంతులమ్మకు అదే కరువాయె."

అందరూ నవ్వారు. తిరుమల కూడా.

దోనె రెండు రోజులు అటూ ఇటూ తిరిగితే కాయలన్నీ ఒడ్డుకు చేరాయి. ట్రాక్టరులో గడ్డి పరిచి భద్రాచలం తీసుకుపోయారు. గోదారి వంతెన దాటాక రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచారు. జనం ఏరులా పోతున్నారు. కాని మధ్యాహ్నం దాకా పది కాయలు కూడా కదల్లేదు. వచ్చినవాళ్ళు మచ్చ చూసి "తెగులు తగిలిందా?" అని అడగడం, ప్రమీల కాదనడం, వాళ్ళు పక్క కుప్ప దగ్గరికి పోవడం. తిరుమల వెనక కూర్చుని కాయలు తుడుస్తూ ఉంది. రూము అద్దె ఎంతుంటుందో, ఆ రూముకు కిటికీ ఉంటుందో లేదో అనుకుంటూ ఉంది.

ఊసుపోక జంపక్క కాయలను దొర్లించి వరసలో పెట్టసాగింది. 'అ' పక్కన 'ఆ', 'ఆ' పక్కన 'ఇ'. పెడుతూ గట్టిగా చదువుతోంది. ఆ వరస చూసి, మనవడి చెయ్యి పట్టుకుని పోతున్న ఒక పెద్దావిడ ఆగింది.

"ఇవి అక్షరాలా? ఎవరు చెక్కారమ్మా?"

ప్రమీల చిల్లర కోసం అవతలికి పోయింది. తాత బీడీ కోసం పోయాడు. పెద్దావిడ తిరుమలనే చూస్తోంది.

"పిల్లలు గీసిన్రు" అంది తిరుమల. ఆగింది. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. "కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు ముల్లుతో గీసిన్రు. కాయతో పాటు అక్షరం పెరిగింది. మాది లంక. మా పడవ వరదకు పోయింది. బడి లేక ఇంటికాడనే చదువుకుంటున్నరు. ఈ కాయలు పడవ కోసం."

కొత్త మనిషితో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"మాది వైరా. వీడి పేరు ఉదయ్. 'ఉ' ఉందా?"

జంపక్క పరుగున పోయి 'ఉ' దొర్లించుకొచ్చింది. పిల్లాడు దాన్ని కడుపుకు హత్తుకుని, సగం దూరం పోయాక కూడా ఎవరికీ ఇవ్వలేదు. వాణ్ణి చూసి ఇంకో పిల్ల తల్లి కొంగు లాగింది. 'స' కావాలంది. ఒకాయన ముగ్గురు కూతుళ్ళకు మూడు అక్షరాలు అడిగాడు. ఎవరు అడిగినా తిరుమల మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. నాలుగోసారికి మాట తడబడటం మానింది. బీడీ కాల్చి వచ్చిన తాత గుంపును చూసి, లోపలికి పోవడానికి తనే దారి అడగాల్సి వచ్చింది.

పొద్దు వాలేసరికి టార్పాలిన్ మీద మూడు కాయలు మిగిలాయి. మూడూ పెద్దవే.

"ఇవెందుకు పోలే?" అన్నాడు తాత.

"అవి ఙ, ఞ, ణ తాతా" అంది తిరుమల. "వాటితో ఎవరికీ పేర్లుండవు."

"పేరుకు పనికిరాని అక్షరాలు మరి ఎందుకు నేర్పినవ్?"

"వరసలో ఉన్నయి గదా."

"అవ్. వరసల ఉన్నోళ్ళను ఇడిచిపెడ్తమా" అని, ఆయన 'ఙ' కాయను మోకాలికేసి పగలగొట్టాడు. లోపల ఎర్రగా ఉంది. ట్రాక్టరు కదిలేలోపు మూడూ తినేశారు. విత్తనాలు మాత్రం ఆయన తుండు కొసన ముడేసుకున్నాడు.

పరీక్షలకు పిల్లలు దోనెలో ముగ్గురు ముగ్గురుగా మూడు విడతలు దాటి వెళ్ళి రాసొచ్చారు. వైశాఖంలో వడ్రంగి దిగాడు. మేకులకు, కూలికి సరిపోయింది. తారుకు కొంచెం తగ్గితే మంగీలాలే ఒక డబ్బా పంపాడు, "వచ్చే యేడు గీతల కాయలు నాకే చెప్పున్రి" అన్న కబురుతో.

మే చివర కాశయ్య వచ్చాడు. ఇల్లందులో రూము చూశాడు, అడ్వాన్సు మాత్రం ఇంకా ఇవ్వలేదు. రేవులో బోర్లా పడుకుని ఎండలో నిగనిగలాడుతున్న పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేలు పెట్టి తారు ఆరిందో లేదో చూశాడు. జేబులోంచి ఫోను తీసి, "ఓనర్ సాబ్, రూము ఇంకెవరికన్న ఇయ్యున్రి" అని చెప్పి పెట్టేశాడు. ప్రమీల లోపలికి పోయి పొయ్యి మీద ఇంకో గ్లాసుడు బియ్యం వేసింది.

బడి తెరిచిన రోజు తొమ్మిదిమందీ ఒక్క పడవలో కూర్చున్నారు. తిరుమల ట్రంకుపెట్టెలోంచి తీసిన కాగితాలు ఒళ్ళో పట్టుకుంది. తాత గెడ వేస్తూ జంపక్కను అడిగాడు.

"మనవరాలా, ఆ 'ఙ' కాయ విత్తనాలు దాచిన. పెడితే మళ్ళ గదే అక్షరం కాస్తదా?"

జంపక్క పకపకా నవ్వింది. "కాయదు తాతా. మళ్ళ గియ్యాలె."

"మరి నాకు గియ్యరాదాయె."

"నేర్పిస్త. ముల్లు మాత్రం నువ్వే తెచ్చుకో."

పడవ ఒడ్డు వైపు తిరిగింది. అవతల రేవులో పంతులు చెయ్యూపుతున్నాడు. అందరికంటే ముందు తిరుమల గొంతెత్తి, "వస్తున్నం సారూ" అంది.