విప్పి కుట్టిన రవికలు

నేను ఒక కుట్టు మిషన్ని. బతుకంతా కాళ్ళతో తొక్కించుకున్నదాన్ని కదా అని నాకు పొగరు లేదనుకునేరు, బోలెడుంది! ఎక్కడో ఉత్తరాదిన కార్ఖానాలో పోతపోసి, నల్లరంగు వేసి, మెడ మీద బంగారు తీగలు దిద్ది నన్ను రైలెక్కించారు. పాలకొల్లులో మొదట ఒక ప్లీడరు గారి భార్య కొనుక్కుంది. నా మీద పూలకుండీ పెట్టుకుని మురిసిపోయిందే తప్ప ఒక్క కుట్టు కుట్టలేదు మహాతల్లి. దేవవరం చేతికొచ్చాకే పనంటే ఏమిటో నాకు తెలిసింది.

దేవవరం రవికల టైలరు. చర్చి వీధిలో ముందు కొట్టు, వెనక ఇల్లు. అతను గుడ్డ తోస్తే కుట్టు గీత గీసినట్టు పోయేది. భార్య మార్తమ్మ కాజాలు కుట్టి హుక్కులు వేసేది. పెళ్ళైన కొత్తలో ఆవిడకీ మిషను నేర్పాడు. కుట్టు చివర మూడుసార్లు వెనక్కి తొక్కి వదిలెయ్యమంటే, ఆవిడ దారాలు రెండూ కలిపి ముడి కూడా వేసేది.

"ఊడిపోద్దని అంత భయమేంటే నీకు?" అని నవ్వేవాడు.

ఒకరంటే ఒకరికి ప్రాణం. అదే వాళ్ళ కొంప ముంచింది.

ముప్పై యేళ్ళ తర్వాత అతని కుట్టు వంకరపోసాగింది. కాజాల కోసం రవిక అందుకున్న మార్తమ్మ కంట అది పడింది. చెబితే మనిషి కుంగిపోతాడు, పనితనమే పోయిందనుకుంటాడు. అందుకని మధ్యాహ్నం అతను కునుకు తీసేవేళ వంకర కుట్లన్నీ బ్లేడుతో విప్పి, చప్పుడు కాకుండా నా మీద మళ్ళీ కుట్టేది. చివర ముడి మాత్రం మానలేదు.

"ఆయనకి చెప్పకే తల్లీ," అని నా మెడ నిమిరేది. నాకు నోరెక్కడేడిసింది?

పొద్దున్నే సూదిలో దారం ఎక్కక అతనూ నాకే మొరపెట్టుకునేవాడు. "మసకలొస్తున్నాయే. మార్తకి చెబితే బెంగెట్టుకుంటది. కుట్టు వంకరపోయిన రోజున డాక్టరు దగ్గరికెళ్తాలే." సాయంత్రం తయారైన రవికలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు. అన్నీ తిన్నగా ఉండేవి. ఎందుకుండవు? ముడి కనబడేంత చూపు మాత్రం అతనికి లేదు.

ఒకసారి మార్తమ్మే కదిపింది. "ఏవండీ, ఓసారి కళ్ళు చూపించుకుందామా?"

"నా కుట్టు చూసి మాట్లాడు. కళ్ళు లేనోడు కుట్టే కుట్టేనా ఇది?"

ఆవిడ పెదవి కదిలింది. చెప్పవే, ఇప్పుడైనా చెప్పవే అని ఇనుమునై ఉండి నేను మొత్తుకున్నాను. ఆవిడ తలొంచుకుని హుక్కుల డబ్బా అందుకుంది.

ఏడాది తిరక్కుండానే అతను గుమ్మం తట్టుకుని పడ్డాడు. అప్పుడు తీసుకెళ్ళారు ఆస్పత్రికి. నీటికాసులన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదు, ఏడాది ముందొస్తే ఉన్నది నిలిపేవాళ్ళమన్నాడట.

ఇంటికొచ్చాక కొట్టులో మిగిలిన రవిక ఒకటి అడిగి తీసుకున్నాడు దేవవరం. కుట్టు వెంట మెల్లగా వేలు పోనిచ్చాడు. చివర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడే ఆగింది. అతని మొహం నేను చూశాను, చూడకపోయినా బాగుండేది.

"బాగానే కుట్టాను కదే," అన్నాడు చివరికి.

"మీ చేతికేం వంకండీ," అంది మార్తమ్మ.

నెల గడిచింది. ఇంట్లో పొయ్యి వెలగడమే గగనమైంది. "ఈ మిషనింక ఎందుకు? ఎవరు కుడతారు?" అంటూ ఆవిడ వైపు మొహం తిప్పి చెవి ఒగ్గాడు. నేను కుడతానని ఆవిడ అంటే చాలు, ఇద్దరి కడుపూ నిండేది. కానీ ఆ మాటంటే, ఏడాదిగా కుట్టిందెవరో కూడా చెప్పాలి.

"ఎవరు కుడతారులెండి," అంది.

పాత ఇనుము కొనే బండివాడు నాకోసం వచ్చినరోజు అతను తడుముకుంటూ వచ్చి నా మీద చెయ్యి వేశాడు. "ముడి నాకు తగిలిందని మార్తకి చెప్పకేం. తనవల్లే కళ్ళు పోయాయనుకుంటది. ఆ దిగులుతో చచ్చిపోద్ది."

ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్టులో, చిల్లుపడ్డ బాల్చీల మధ్య పడున్నాను. నా చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చర్చి వీధిలో వాళ్ళిద్దరూ ఈ పూటా ఎదురెదురుగా కూర్చునే ఉంటారు. ఒక్కరైనా నోరు విప్పితే బాగుణ్ణు. విప్పరు. నాకు తెలుసు, ముప్పై యేళ్ళు వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉన్నాను.