అందరికీ ఎర్ర బిళ్ళే

పన్నెండో నంబరు బిళ్ళను పంటినొప్పి తాత చేతిలో పెట్టి, "కూర్చో తాతా, పిలుస్తా" అంది టోకెనమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆసుపత్రి హాల్లో అదే స్టూలు, అదే మాట. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

తాత బిళ్ళను తిప్పి చూశాడు. "ఎర్రది ఇచ్చావేంటమ్మా? ఇది ఆ తొమ్మిదో గదికి కదా! పైగా చేతికి అంటుకుంటోంది."

"చిగుళ్ళు ఎర్రగానే ఉంటాయిగా. కూర్చో."

తొమ్మిదో గదిలో హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. వరండా మలుపు తిరిగాక ఎవరు ఏ గదిలోకి వెళ్ళారో హాల్లోకి కనపడదు. మనిషిని పట్టించేది ఆ ఎర్ర బిళ్ళే. మిగతా గదులకు తెల్లవి. ఏ మహానుభావుడి ఆలోచనో గాని, ఎర్రది చేతిలో పడితే చాలు, బెంచీ మీద జనం జరిగిపోయేవారు. మందులకు లొంగని దగ్గులు కూడా టక్కున ఆగిపోయేవి. పోయినేడు ఒక కుర్రాడు ఆ చూపులకు తాళలేక బిళ్ళ బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలకు స్ట్రెచర్ మీద వచ్చాడు. అప్పుడు బిళ్ళ అవసరం లేకపోయింది.

ఈ నెలలో బట్టల మిల్లు హాస్టల్ పిల్ల ఒకతె మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఎర్ర బిళ్ళ చూసి, "మంచినీళ్ళు తాగొస్తా ఆంటీ" అంది. ఆ నీళ్ళు ఏ ఊళ్ళో ఉన్నాయో, ఒక్కసారీ తిరిగి రాలేదు.

ఇవాళ టోకెనమ్మ ఉద్యోగానికి ఆఖరి రోజు. అందుకే నిన్న సాయంత్రం బిళ్ళలన్నీ ఇంటికి మోసుకెళ్ళి, గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు, పాతవాటికీ కొత్తవాటికీ తేడా తెలియకుండా ఎర్రవాటితో సహా అన్నిటికీ పూసేసింది. అంకెలు మాత్రం వదిలింది. ఏ అంకె ఏ గదికో నర్సులకు చీటీలు రాసిచ్చింది.

సూపరింటెండెంటు ఊగిపోతూ వచ్చాడు. "ఎవర్నడిగి చేశావ్?"

"అడిగితే వద్దంటారుగా సార్."

"మెమో ఇస్తాను!"

"అయిదులోపు ఇవ్వండి. తర్వాత నేను దొరకను."

డబ్బా తెల్లరంగు కొనాలంటే మూడు సంతకాలు కావాలని గుర్తొచ్చింది కాబోలు, ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పదకొండింటికి ఆ హాస్టల్ పిల్ల మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి హాల్లోకి చూసింది. దగ్గుకీ ఎర్రదే, కీళ్ళనొప్పికీ ఎర్రదే, గజ్జికీ ఎర్రదే.

"ఇంతమందీ అక్కడికేనా ఆంటీ?"

"ఎవరు ఎక్కడికో నీకెందుకు? ఇరవై ఏడు, పట్టుకో." టోకెనమ్మ గొంతు తగ్గించింది. "ఉంటే మందుంది. లేకపోతే రాకుండా చూసుకునే దారుంది. లోపల నర్సమ్మను అన్నీ అడుగు. ఆవిడ సిగ్గుపడదు, నువ్వూ పడకు."

పిల్ల బిళ్ళను గుప్పిట్లో బిగించి తాత పక్కన కూర్చుంది. తాత జరగలేదు.

గంట తర్వాత కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, బిళ్ళను డబ్బాలో వేసింది. "మా గదిలో ఇంకో ఇద్దరున్నారాంటీ. రేపు తీసుకొస్తా."

"తీసుకురా" అంది టోకెనమ్మ. రేపు తను ఉండనని చెప్పలేదు.

అయిదింటికి స్టూలును గోడకు జరిపి, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, రోజూ వెళ్ళినట్టే వెళ్ళిపోయింది.

బల్లమీద రేకుడబ్బా నిండా ఎర్ర బిళ్ళలు. ఆరీ ఆరని రంగులో ప్రతిదాని మీదా ఒక వేలిముద్ర. అందులో ఆ పిల్లది ఏదో, తాతది ఏదో ఎవరూ చెప్పలేరు.