సెట్టు మట్టిలో చిక్కుడు పందిరి

అత్తగారు స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్న చప్పుడు వినగానే లీలాకుమారి పని మొదలయ్యేది. పెరట్లో పందిరి నుంచి ఆవిడ తెల్లారే కోసుకొచ్చిన చిక్కుడుకాయలన్నీ పాత పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుక్కి తోసేయాలి. ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ యూసుఫ్‌గూడ బజార్లో దిగి కొన్న కాయలు హ్యాండ్‌బ్యాగులోంచి తీసి, అదే పళ్ళెంలో అదే తీరుగా పరిచి, ఏమీ ఎరగనట్టు ఈనెలు తీస్తూ కూర్చోవాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి, ప్రభుత్వ ల్యాబులో జూనియర్ ఎనలిస్టు, పొద్దున్నే దొంగలా చిక్కుడుకాయలు మారుస్తోందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆమెకీ మొదటిరోజు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

అసలు జూబ్లీ హిల్స్‌లో మట్టెక్కడుంది? అంతా బండలే. ఇల్లు కట్టాలంటే బండ పేల్చాలి, మొక్క నాటాలంటే మట్టి కొనాలి. లీల భర్త త్రినాథరావు సినిమాలకి ఆర్ట్ డైరెక్టరు. పోయిన వేసవిలో ఫిల్మ్‌నగర్‌లో బండ మీద ఏకంగా పల్లెటూరి పొలమే సెట్టు వేశాడు. నేల కెమెరాలో నల్లగా నిగనిగలాడుతూ పడాలని, ఊరవతల ఫ్యాక్టరీల వెనక వాగు ఒడ్డు నుంచి లారీలతో మట్టి తోలించాడు. చవగ్గా వచ్చింది. ఎందుకంత చవగ్గా ఇస్తున్నారని ఎవరూ అడగలేదు, రంగు కుదిరింది, అంతే చాలు. షూటింగ్ అయిపోయి సెట్టు పీకేస్తుంటే అంత మంచి మట్టి పారబోయడానికి మనసొప్పక ఇంటి పెరట్లో పోయించాడు, వాళ్ళమ్మ కోసం.

వాళ్ళమ్మ బాలాత్రిపురసుందరిది అమలాపురం దగ్గర పల్లె. అందరికీ సుందరమ్మ. ఈ బండల మీదకొచ్చిన దగ్గర్నుంచీ 'కాలు పెడితే చల్లగా తగిలే చోటే లేదురా ఇక్కడ' అని దిగులుపడేది. లారీ మట్టి దించిన రోజు మాత్రం చెప్పులు విడిచి దాన్లోకి నడిచి, అటూ ఇటూ తిరిగి, చిన్నపిల్లలా నవ్వింది. అలసంద, పెసర, చిక్కుడు, అన్నీ వేసింది. చలికాలం వచ్చేసరికి పందిరి నిండా ఊదాపూలు, ఆ తర్వాత కాయలే కాయలు. షూటింగులకి వెళ్ళే క్యారియర్లలో చిక్కుడుకాయ కూర తప్పనిసరైంది. కోసేది సుందరమ్మ, ఈనెలు తీసి వండి క్యారియర్లు సర్ది ఆ తర్వాత ఆఫీసు బస్సు వెనక పరిగెత్తేది లీల. 'మా ఇంట్లో పండినవండీ' అని సెట్టులో అందరికీ వడ్డించేది త్రినాథరావు.

సరే, అదంతా సంతోషంగానే చేసేది. ఎందుకంటే లీలకి అత్తగారంటే ప్రాణం. పెళ్ళైన కొత్తలో 'కోడలు ఉద్యోగానికి పోతే ఇల్లెవరు చూస్తారు?' అని ఆడపడుచు సత్యలక్ష్మి మూతి తిప్పితే, 'నా చేతులేం పడిపోలేదులేవే' అని ఒక్క మాటతో నోరు మూయించింది సుందరమ్మే. ఆదివారం ఆదివారం కూర్చోబెట్టి తలకి నూనె పెట్టేదీ ఆవిడే.

పోయిన నెల ల్యాబుకి కొత్త మిషను వచ్చింది, తిండిలో సీసం, కాడ్మియం లాంటి లోహాలున్నాయేమో పట్టేది. పై ఆఫీసరు పట్టాభిరామయ్యగారు 'లీలా మేడమ్, మిషను ట్రయల్ చూడాలి, ఇంటినుంచి కాస్త మంచి కూరగాయలు పట్టుకురండి, ఆడవాళ్ళు కదా, మీకు తేలిక' అన్నారు. ఆమెకి ఒళ్ళు మండినా, పందిరి కాయలకన్నా మంచివేముంటాయని గర్వంగా అవే తీసుకెళ్ళింది. సీసం, కాడ్మియం రెండూ ఉండకూడనంత ఉన్నాయి. 'గ్లాసులు సరిగ్గా కడిగారా మేడమ్? ఇంట్లో అయితే తళతళలాడిస్తారుగా' అని ఆయన నవ్వారు. కడిగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. పెరటి మట్టి తెచ్చి చూస్తే అందులో ఇంకా ఎక్కువ. ఫ్యాక్టరీలు వాగులోకి వదిలిందంతా మట్టిలోకి, మట్టిలోంచి వేళ్ళకి, వేళ్ళనుంచి కాయల్లోకి. పైన దుమ్మయితే కడిగితే పోతుంది. ఇది కాయ లోపలుంది. కడిగినా పోదు, ఉడికించినా పోదు.

ఆ సాయంత్రమే భర్తకి చెప్పింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. 'అమ్మకి చెప్పకే. చచ్చిపోతుంది. ఎలాగూ ఎండలు ముదిరితే పాదు ఎండిపోతుందిగా, అప్పుడు నెమ్మదిగా మట్టి తీయించేద్దాం. అందాకా బజారు కాయలు వండు, ఆవిడకేం తెలుస్తుంది? నువ్వు తెలివైనదానివి, నువ్వు మేనేజ్ చేస్తావు.' ఎంత ప్రేమగా అన్నాడో! ప్రేమగా అనబట్టే తల ఊపేసింది. నువ్వు మేనేజ్ చేస్తావు అంటే అర్థం బజారుకి నువ్వెళ్ళు, దొంగతనం నువ్వు చెయ్యి, భయం నువ్వు పడు, కూర ఎలా ఉందని ఆవిడ అడిగితే 'మన కాయల రుచే వేరత్తయ్యా' అని నువ్వే నవ్వు అని. అది పనేనని ఆయనకి తట్టలేదు. నిజం చెప్పాలంటే చాలా రోజులు ఆమెకీ తట్టలేదు.

ఈ ఆదివారం ఫిలోమినా వచ్చింది. సినిమాల్లో కాస్ట్యూమ్స్ కుట్టే పిల్ల, యూసుఫ్‌గూడలో ఉంటుంది, ఏడో నెల కడుపు. లీల వంటింట్లోంచి పెరట్లోకి వచ్చేసరికి ఆ పిల్ల కొంగు పట్టుకు నిలబడి ఉంది, సుందరమ్మ అందులోకి చేరెడేసి కాయలు పోస్తోంది.

"చాలు పెద్దమ్మగారూ, నిన్నటివే ఇంకా ఉన్నాయి."

"ఉంటే ఉండనీవే. కడుపుతో ఉన్నదానివి, లేత కాయలు తినాలి. రోజూ వచ్చి పట్టుకుపో అన్నానా లేదా?"

రోజూ! వంటింట్లో అంత జాగ్రత్తగా మార్చిన కాయలు పెరటి గుమ్మంలోంచి రోజూ ఒక కడుపులోకి వెళ్తున్నాయి. లీల గబగబా వెళ్ళి ఫిలోమినా కొంగు లాగి కాయలన్నీ కింద కుమ్మరించేసింది.

"ఏంటే లీలా ఇది! పిచ్చి గానీ పట్టిందా?"

"ఇవి తినకూడదత్తయ్యా. ఈ మట్టిలో విషం ఉంది. నేనే ల్యాబులో చూశాను. మీకు చెప్పకుండా దాచాను."

అంతా చెప్పేసింది. సుందరమ్మ ఏడుస్తుందనుకుంది, అరుస్తుందనుకుంది. ఆవిడ పందిరి కిందే కూలబడి, కింద పడ్డ కాయ ఒకటి తీసి చూసుకుంది.

"అందుకా బజారు కాయలు వండుతున్నావు?"

"మీకు తెలుసా?"

"నేను పెంచిన కాయ నాకు తెలీదా? మన కాయకి ఊదా అంచు ఉంటుంది, నీ కూరలో ముక్కలన్నీ తెల్లగా పాలిపోయి! నా చేతి పంట తినడానికి నీకెందుకో మనసు రావట్లేదేమో, పారేస్తున్నావేమో అనుకున్నా. అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాలే."

లీల ఆవిడ ఒళ్ళో తల పెట్టేసి ఏడ్చింది. సుందరమ్మ జుట్టు నిమురుతూనే ఫిలోమినా వైపు చూసింది. "ఎన్నాళ్ళనుంచి పెడుతున్నానే నీకు? నా చేతులు విరిగిపోను!"

"అయ్యో, ప్రేమతోనే గదా ఇచ్చారు," అని ఆ పిల్ల బెదురుగా నవ్వింది.

లీల కళ్ళు తుడుచుకుంది. "రేపు ఆఫీసయ్యాక నేనొస్తా ఫిలోమినా, డాక్టరుగారికి చూపిద్దాం. ఏం తిన్నావో నేను చెప్తాను. ఇక ఒక్క కాయ కూడా ముట్టుకోకు."

మధ్యాహ్నం భోజనానికొచ్చిన త్రినాథరావు పెరట్లో పీకేసిన పాదులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "చెప్పేశావా లీలా? నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"ఏరా," అంది సుందరమ్మ, "నీ పెళ్ళాం చేత ఇన్నాళ్ళు నాకు అబద్ధం వండి పెట్టించావా?"

"నువ్వు బాధపడతావనమ్మా..."

"నేను బాధపడకుండా ఇది పడిందిలే. చూడు ఎలా చిక్కిపోయిందో."

లీల మెల్లగానే అంది. "మట్టి మీరు తెచ్చారు, మీరే తీయించండి. ఎక్కడ పొయ్యాలో కూడా మీరే కనుక్కోండి. ఇంకొకళ్ళ పెరట్లోకి మాత్రం పోకూడదు."

ఆయన వాళ్ళమ్మ మొహం చూశాడు. "సరే. రేపే కనుక్కుంటా," అన్నాడు, నిజంగానే సిగ్గుపడుతూ.

వడ్డించడానికి లీల గిన్నె మూత తీసింది. బజారు చిక్కుడుకాయ కూర. సుందరమ్మ పళ్ళెం ముందుకి జరిపి, అంతలో వెనక్కి తీసుకుంది.

"మన మట్టి సంగతి నువ్వు చూశావు గనక తెలిసింది. మరి ఇవి ఏ మట్టివే?"

ఆ వాగు ఒడ్డున ఇంకెన్ని పాదులున్నాయో, ఆ కాయలు తెల్లారి ఎవరి బుట్టల్లోకి వస్తున్నాయో, ఇన్ని రోజులు బజార్లో నిలబడి బేరమాడిందే తప్ప ఒక్కసారైనా అడిగిందా? లీల గిన్నె మూత పెట్టేసి పక్కకి జరిపింది.

"రేపు పొద్దున్న వంట మీరు చూసుకోండి," అంది భర్తతో. "అత్తయ్యా, మీరు నాతో బజారుకి రండి. ఏ ఊరి తోటవో అడిగి ఒక్కో తోటవి కాసిని కాయలు కొందాం. వండటానికి కాదు, ల్యాబుకి."