గడ్డం కింద స్పాంజి

సోఫాలు కుట్టే మేస్త్రి వేళ్లకు ఒక పాడు అలవాటుంది. ఎక్కడ గట్టిగా తగిలినా ఊరుకోవు. ఎవరింటికైనా వెళ్లి కుర్చీలో కూర్చుంటే చాలు, మాట్లాడుతూనే దాని అంచులు తడుముతాడు. "ఊళ్లో కుర్చీలన్నీ నిమురుతావు, పెళ్లాం మెడ నొప్పంటే మాత్రం నీకు చెవిన పడదు" అని భార్య ఎత్తిపొడిచేది. అతనికి మెత్తమేస్త్రి అని పేరు పెట్టిన నోరు కూడా అదే.

మెడనొప్పి మిషను మీద వంగి వంగి వచ్చిందే అనుకున్నారు ఇద్దరూ. దుకాణంలో సోఫాల మీద తొడిగే గలీబులన్నీ కుట్టేది ఆమే మరి. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ తెర మీద బొమ్మలు చూపించింది. మెడలో రెండు పూసలు సగానికి సగం లేవు. పుర్రె వెనక భాగం పురుగు కొట్టిన గుడ్డలా ఉంది.

"ఎముక దానంతటదే కరిగిపోయే జబ్బమ్మా ఇది. చాలా అరుదు. కరగడం ఆపడానికి బిళ్లలిస్తాను. బలానికి సెలైన్లో ఇంకో మందు ఎక్కిస్తాం. కానీ అవి పట్టడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా మెడ కదలకూడదు. కదిలిందా, లోపలున్న వెన్నుపాము నలిగిపోతుంది."

"స్క్రూలు వేసి బిగించేయలేరా?" అన్నాడు మేస్త్రి.

"స్క్రూ పట్టడానికి ఎముకుండాలిగా" అంది డాక్టరమ్మ.

అలా మెడ కదలకుండా పట్టే ప్లాస్టిక్ చట్రం ఒకటి ఇంటికొచ్చింది. గడ్డం కింద ఒక పలక, తల వెనక ఒకటి, ఛాతీకీ వీపుకీ చెరొకటి, పక్కటెముకల చుట్టూ పట్టీలు. పగలూ రాత్రీ అది ఒంటి మీదే ఉండాలి. మొదట్లో ఆమె నవ్వించింది. "చివరికి నన్నూ కుర్చీని చేశారయ్యా. ఎవరైనా వచ్చి కూర్చుంటారేమో, చూస్తూ ఉండు" అనేది. పోనుపోను నవ్వు అడుగంటింది. గడ్డం కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. కంటి మీద కునుకు లేదు. కళ్లు గుంటలు పడ్డాయి.

"ఆ గడ్డం కిందది తీసెయ్యవూ? నీకు పుణ్యముంటుంది" అంది ఒక సాయంత్రం. అడుక్కుంది, అంతే. ఎవరినీ గ్లాసెడు నీళ్లయినా అడగని మనిషి.

మేస్త్రి ముందు వద్దన్నాడు, కసిరాడు. వేళ్లు మాత్రం అప్పటికే పలక అంచును కొలుస్తున్నాయి. చట్రం మొత్తం తీస్తే కదా ప్రమాదం! గట్టి పలక ఊడదీసి అంతే మందంలో స్పాంజి పెడితే ఏమవుతుంది? ఉన్నవాటిలో మేలైన స్పాంజి కోశాడు, పైన మఖ్మల్ తొడిగాడు, కుట్టు కనబడకుండా కుట్టాడు.

స్పాంజి బరువుకు దిగుతుందని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? కుర్చీ అయితే బొటనవేలంత ఎత్తు ఎక్కువ పెట్టి కోసేవాడు. పెళ్లాం మెడ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క బుర్రకే తట్టలేదు. ఏమనాలి ఇలాంటి వాణ్ని! తిడదామంటే నాకు నోరు రావడం లేదు.

ఆమె నిద్రపోయింది. గురక పెట్టి మరీ నిద్రపోయింది. లేచి కడుపునిండా తింది. అతను ఆ వారమంతా పని చేసుకుంటూ కూనిరాగాలు తీశాడు.

తర్వాత ఒక ఉదయం ఆమె తుమ్మింది. చేతిలో గ్లాసు జారి పడింది.

"ఏమయ్యా, నా చేతులు ఎక్కడున్నాయో తెలియడం లేదు" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చట్రాన్ని తిప్పి చూసింది. మఖ్మల్ మీద వేలు పెట్టి నొక్కింది. వేలు దిగింది.

"ఎవరు చేశారిది?"

మేస్త్రి నోరు తెరిచాడు.

"నేనే" అంది ఆమె మంచం మీంచి. "ఆయన ఇంట్లో లేనప్పుడు నేనే కుట్టుకున్నాను. భరించలేకపోయాను డాక్టరమ్మా."

పక్కనే ఉన్న మరదలు భగ్గుమంది. "నీకేం పోయేకాలమే అక్కా! బావ నిన్ను కంటికి రెప్పలా చూసుకుంటుంటే!" అని బావ భుజం పట్టుకుని ఏడ్చింది. ఆ క్షణంలో నిజం చెప్పని మనిషి తర్వాత ఎప్పుడు చెబుతాడు?

అందరూ వెళ్లాక మంచం పట్టె మీద తల ఆనించాడు. "ఎందుకలా చెప్పావే?"

"జబ్బు పడ్డాక నేను నిద్రపోయింది ఆ వారమేనయ్యా" అంది ఆమె. "దానికి నిన్ను వాళ్ల చేత తిట్టిస్తానా?"

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. కళ్లు తుడవడానికి ఆమె చెయ్యి లేవలేదు.

నెలలు గడిచాయి. డాక్టరమ్మ కొత్త బొమ్మలు పట్టుకుని నవ్వుతూ వచ్చింది. కరగడం ఆగిపోయింది. మందు పట్టింది. పూసల అంచుల్లో కొత్త ఎముక కూడా పోసుకుంటోంది. పడిపోయిన చేతుల సంగతి, మెడ కింద మొద్దుబారిన ఒంటి సంగతి మరదలు అడిగితే మాత్రం డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. నలిగిన నరాలకు మందు లేదు. చట్రం ఇంకొన్నాళ్లు ఉండాలి, కొత్తది తెప్పించాం, తొడగడం మీరే నేర్చుకోండి అని మేస్త్రికి అప్పగించి వెళ్లింది.

అతను ఛాతీ పట్టీ లాగి ఆగాడు.

"వదులుగా ఉంది. ఇంకో రంధ్రం లాగు" అంది ఆమె.

"పక్కటెముకలకు ఒత్తుకుంటుందే."

"ఒత్తుకోనీ. అక్కడ నాకేమీ తెలియదు కదయ్యా. బిగించు."

అతను ఇంకో రంధ్రం లాగి బిగించాడు.