కూసే చెవి మిషన్

మా మావయ్యకు ఎనభై దగ్గర పడ్డాయి. వయొలిన్ వాయిస్తాడు. ఆయన వాయించేవన్నీ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. కొత్తది విని ఎన్నేళ్లయిందో!

ఆయన ఎడమచెవి మిషన్ అదేపనిగా కూస్తోందని అత్తయ్య గోలపెడితే, చెవి మిషన్లు అమ్మి బాగుచేసే నా షాపుకు తెమ్మన్నాను. చెవిలో వదులుగా కూర్చుంటే ఏ మిషనైనా కూస్తుంది. బిగుతైన కొత్త తొడుగు వేసి పంపాను.

వారం తిరక్కుండానే వయొలిన్ పెట్టెతో సహా ఊడిపడ్డాడు.

"దీని నోరు మూయించేశావేమే?"

"బాగుచేశాను మావయ్యా. పాడైంది కదా!"

"పాడైంది కాదే, పాడింది!"

నాకు ఒళ్లు మండింది. చాదస్తం ముదిరిందనుకున్నాను. అయినా చూద్దామని పాత తొడుగే తగిలించాను.

వయొలిన్ గడ్డం కిందికి చేరగానే మిషన్ సన్నగా కూసింది. ఆయన దవడ కాస్త కదిపితే కూత పైకి పాకింది. కమాను దాని వెంటపడింది, అందుకుంది, దాటిపోయి మళ్లీ దానికోసం ఆగింది. అలాంటిది నేనెన్నడూ వినలేదు. ఆయనా వినలేదేమో, తర్వాత ఏమొస్తుందోనని చెవి రిక్కించి మరీ వాయిస్తున్నాడు.

"ఇదేం రాగం మావయ్యా?"

"ఏమో! తెలిస్తే ఇంట్లో కూర్చునేవాణ్ణి కాదటే?"

కమాను దించి, కుడిచెవి మిషన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఒంటరిదైపోయింది. దీన్ని కూడా కాస్త పాడుచెయ్యి."