తలంబ్రాల ఫొటోకు దోవ

పెళ్లికి వారం ముందు నాగజ్యోతి అవ్వ వరలక్ష్మమ్మ కాలు విరిగింది. తన చేతుల్లో పెరిగిన పిల్ల తలంబ్రాలు చూడలేకపోయానని ఆమెకు ఒకటే దిగులు. ఆల్బం రావడానికేమో ఇంకా రెండు నెలలు. అందుకే కొత్త అల్లుడు సుదర్శన్ బుక్కరాయసముద్రంలోని తన ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టి, ఫొటోల సైటు కట్టాడు. జ్యోతి నాయన రామకృష్ణయ్య అవ్వను ఆటోలో గుంతకల్లు నెట్ సెంటరుకు తీసుకుపోయి, అక్కడినుంచే కూతురికి ఫోను చేశాడు.

"చెప్పు పాపా, టైపు చేస్తాండా."

జ్యోతి సైటు పేరు చెప్పింది. తర్వాత ఏటవాలు గీత. ఫొటోస్. మళ్లీ గీత. అక్కడ ఆగిపోయింది. ఫొటోలన్నీ తన పేరున్న ఫోల్డరులో దాచుకున్నాడు మహానుభావుడు! మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందన్న మాటను డిగ్రీ చదివేటప్పుడు ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. ఇప్పుడు అత్త ఎదురుగా కూర్చుని శనక్కాయలు ఒలుస్తూంటే నాలుక తిరగడం లేదు.

"ఎస్, యు, డి..." అని మెల్లగా మొదలుపెట్టింది.

"ముక్కలు చేసి చెప్పినా మొగుని పేరే కదమ్మా!" అత్త కిసుక్కుమంది.

జ్యోతి రిసీవరు పక్కనే నిలబడ్డ మొగుడి వైపు చాపింది. అతను చేతులు కట్టుకున్నాడు.

"నేను చెప్పను. ఒక్కసారి నీ నోట విందామని ఉండాది."

"యాడ నిలిచిపోతివి?" ఫోన్లో నాయన. "అవ్వకు నొప్పి పుడతాండాది. ఇంగ ఇంటికి పిల్చుకపోతా."

జ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమండీ, సరసాలు తర్వాత. ఆ పొడుగు దోవ పీకేయండి. అవ్వను మళ్లీ ఆటో ఎక్కించలేరు."

సుదర్శన్ నవ్వు ఆపి సర్వర్ ముందు కూర్చున్నాడు. తలంబ్రాల ఫొటోకు పొట్టి దోవ కలుపుతూ ఒక వరస కోడు రాశాడు. సైటు పేరు తర్వాత ఒక్క జె కొడితే చాలు, మిగతా దారంతా సర్వరే వెతుక్కుంటుంది.

"నాయనా, గీత, జె. అంతే!"

అటువైపు కీబోర్డు టకటక. జ్యోతి రిసీవరును రెండు చేతులతో పట్టుకుంది.

"ఫొటో పైనుంచి కొంచెం కొంచెం దిగుతాండాది పాపా. బాసికం వచ్చె. కండ్లు వచ్చె..."

ఫోను అవ్వ చేతికి పోయింది.

"అయ్యో నా బంగారూ! అంతా వాడే పోస్తాండాడే. నువ్వు ఒక్క దోసెడన్నా పోసినావా లేదా?"

"పోసినా అవ్వా! అది వేరే ఫొటోలో ఉండాది."

"అయితే అదీ చూపియ్. నొప్పీ లేదు ఏమీ లేదు, నేను ఈడనే కుచ్చుంటా."

మొత్తం నూట ఎనభై ఫొటోలు. జ్యోతి ఫోను తీగ సాగదీసుకుంటూ వచ్చి మొగుడి పక్కన స్టూలు వేసుకుంది.

"నేను పోసే ఫొటోకు కె పెట్టండి."

"అక్షరాలు చాలవే!"

"అయిపోతే అంకెలున్నాయి కదా. కానీండి, అవ్వ కాచుకోనుండాది."